మన ఇండ్లల్ల కాలక్షేపం: కూనపులి పటం నుంచి చేతిల ఫోను దాకా

(సిరోంచలో జరిగిన మన నేత కుటుంబాల వార్షిక సమ్మేళనంలో సాంస్కృతిక కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెండ్లకు, అన్నదమ్ములకు, వెనక వరుసల కూసొని ఫోన్లు చూసుకుంటున్న మన పిల్లలకు కూడా నమస్కారం. పిల్లలను ఎత్తిపొడవాలని ఈ మాట అంటలేము. ఈ ప్రసంగం రాయాలని కూసున్న రాత్రి మేము కూడా కాగితం పక్కన పెట్టి పదకొండు దాకా ఫోనే చూసినం. కాబట్టి ఇది అందరి ఇంటి ముచ్చట అనుకొని వినండి.

మాకు ఇచ్చిన విషయం "ఇంట్లో వినోదం, తీరిక సమయం: మారుతున్న తీరు". ఈ మాట చదివి వినిపిస్తే మా పెదబాపు నవ్విండు. "సాలోళ్ళ ఇంట్ల తీరిక ఏడిదిరా?" అన్నడు. ఆయన అన్నది నిజమే. రైతుకు కోతలు అయినంక కొన్ని దినాలు చేతులు ఖాళీగా ఉంటయి. మనకు ఇల్లే కార్ఖానా. పొద్దున లేస్తే మగ్గం గుంటల కాళ్ళు, రాత్రి దీపం పెట్టినంక కూడా కండెలు చుట్టుడు. ఆరేండ్ల పిల్లకు కూడా పని ఉండేది. బడికి పోయేముందు నాలుగు కండెలు, వచ్చినంక నాలుగు కండెలు.

అయినా మనోళ్ళకు తెలిసినన్ని కథలు, పాటలు ఎందరికి తెలుసు? అవి ఎప్పుడు నేర్చుకున్నరు? పని చేసుకుంటనే నేర్చుకున్నరు. మగ్గం మీద కూసున్నోనికి కాళ్ళు తొక్కుతనే ఉంటయి, చేతులు నాడె కొడుతనే ఉంటయి, కండ్లు ఏ పోగు తెగిందోనని చూస్తనే ఉంటయి. ఖాళీగా ఉండేవి చెవులే. మన కాలక్షేపం అంతా ఆ చెవుల మీదనే నడిచింది. రాట్నం తిప్పుకుంట నాయినమ్మ కథ చెప్పేది, ఆసు పోస్తున్న చిన్నమ్మ మధ్యల "ఊఁ" కొట్టేది, మగ్గం మీదున్న బాపు ఒక మాట తప్పు పోతే అక్కడి నుంచే దిద్దేటోడు. కథ అయిపోయే సరికి బట్ట రెండు మూరలు దిగేది. దాన్ని వినోదం అని ఎవరూ పిలవలేదు. పిలవాలన్న తెలివి కూడా లేకుండె.

ఈ ఇంటి కథలకు పైన ఇంకొకటి ఉండె. అది ఏడాదికో రెండేండ్లకో గోదావరి దాటి వచ్చేది. ఇప్పుడు కాళేశ్వరం దగ్గర వంతెన ఉన్నది, పావుగంటల ఆ ఒడ్డున ఉంటం. అప్పుడు నావలే. ఒకనాడు పొద్దున మహదేవ్‌పూర్ వైపు నుంచి నావ దిగి నలుగురైదుగురు వస్తుండిరి. ఒకరి భుజం మీద హార్మోనియం, ఇంకొకరి తల మీద బట్టలో చుట్టిన పొడుగాటి మూట. ఆ మూట చూస్తే చాలు, పిల్లలు వీధి వీధి ఉరికి చెప్పేది: "కూనపులోళ్ళు వచ్చిండ్రు!"

ఇక్కడ కూసున్న చిన్నోళ్ళల్ల చాలామందికి ఈ పేరు తెల్వదు. కొంచెం వివరంగా చెప్పుతం. తెలంగాణ పల్లెల్లో చాలా కులాలకు ఒక్కొక్క ఆశ్రిత కులం ఉన్నది. ఆ కులం పుట్టుక, దాని మూలపురుషుల కథ పాడి, ప్రతిఫలం తీసుకొని పోయే కళాకారులు వాళ్ళు. పద్మశాలీలకు కూనపులి వాళ్ళు. మార్కండేయుడు, భావనారుషి, భద్రావతి, తామర తూడు నుంచి నూలు తీసి దేవతలకు బట్ట నేసిన ముచ్చట, ఇదంతా వాళ్ళ నోటనే మనకు చేరింది. ఏ ఊరు ఏ కుటుంబానిదో వాళ్ళల్ల వాళ్ళకు మిరాశీ ఉంటది. ఒకరి ఊరికి ఇంకొకరు పోరు.

వాళ్ళ మూటల ఉండేది పటం. మూడడుగుల వెడల్పు, ముప్పై అడుగులకు పైనే పొడవు ఉండే బట్ట, దాని నిండ వరుసగా బొమ్మలు. రెండు గుంజలు పాతి, అడ్డం కర్ర కట్టి, పటం వేలాడదీస్తరు. ఒక వరుస బొమ్మల కథ అయినంక కింది వరుస విప్పుతరు. పెద్ద కథకుడు కర్రతో బొమ్మ చూపించి వచనం చెప్పుతడు, వెనక వంతలు పాట అందుకుంటరు. మూడు రాత్రులు, ఒక్కోసారి అయిదు రాత్రులు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అది ఎపిసోడ్లుగా నడిచే సీరియలే. రేపటి బొమ్మ ఇయ్యాల చూపించరు. పిల్లలు పగటిపూట పోయి చుట్టిన పటం అంచు ఎత్తి చూడబోయి తిట్లు తిన్న సంగతి మాలో ఇద్దరు ముగ్గురికి ఇప్పటికీ గుర్తు.

ఆ పటాలను గీసేది చేర్యాల నకాషీలు. మొన్న మేము దాని తయారీ గురించి తెలుసుకుంటుంటే ఒక సంగతి మా మనసుకు పట్టింది. ముతక ఖాదీ బట్టకు బియ్యపు గంజి, సుద్దమట్టి, జిగురు, చింతగింజల అంబలి పట్టించి, ఆరబెట్టి, దాని మీద బొమ్మలు గీస్తరట. అంటే నేసినోని బట్టకు, నేసినోని ఇంట్ల పడుగుకు పెట్టినట్టే గంజి పెట్టి, దాని మీద నేసినోని కథ గీసిండ్రు. పటం పాతబడి చిరిగితే పారేయరు. మనిషి పోయినప్పుడు చేసినట్టే చేసి నీళ్ళల్ల కలుపుతరు. చేర్యాల బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇప్పుడు హైదరాబాదుల పెద్దింటి గోడల మీద ఆ బొమ్మలు చిన్న చిన్న ఫ్రేముల్లో వేలాడుతున్నయి. మంచిదే, గీసినోళ్ళ కడుపు నిండుతది. గని ఫ్రేముల ఉన్న బొమ్మ ముందు నిలబడి కథ చెప్పేటోడు లేడు.

తర్వాత రేడియో వచ్చింది. నిజం చెప్పాలంటే మగ్గానికి రేడియో అంత మంచి చుట్టం ఇంకొకటి రాలేదు. పోస్టాఫీసుల లైసెన్సు కట్టి, తోలు సంచిల పెట్టి, మగ్గం పక్కన మేకుకు తగిలించేది. పగలు నాగపూర్ కేంద్రం మరాఠీల మాట్లాడేది. పొద్దుగూకినంక, గాలి మంచిగున్న నాడు హైదరాబాద్ పట్టేది, ఒక్కోసారి విజయవాడ కూడా. కార్మికుల కార్యక్రమంల చిన్నక్క, ఏకాంబరం ముచ్చట్లు, పిల్లలకు బాలానందం. సంక్షిప్త శబ్దచిత్రం అని ఒకటి వచ్చేది, సినిమాను కుదించి మాటలు, పాటలే వినిపిస్తుండిరి. చూడని సినిమా మగ్గం మీద కూసొని విన్నం. నాడె ఆగలేదు. తాలూకా మహారాష్ట్రది, జిల్లా 1982 దాకా చంద్రపూర్, ఆ తర్వాత గడ్చిరోలి. ఆ జిల్లా ఆఫీసుకు పోవాలంటే ఇప్పటికీ రెండు వందల కిలోమీటర్ల దారి. కాగితాల మీద మనం ఎటున్నా, రాత్రి రేడియో ముందు మాత్రం తెలుగోళ్ళమే.

కరెంటు మగ్గాల మీద పనికి భివండికి, సిరిసిల్లకు పోయిన మనోళ్ళకు ఆ సుఖం లేకపోయింది. ఆ మోతల రేడియో ఏం వినబడుతది? ఇప్పటి పిల్లలు అదే మోతల చెవుల్ల ఇయర్‌ఫోన్లు పెట్టి, మోతను మించేటట్టు సౌండు పెంచుతున్నరు. ఒక్క మాట చెప్పి ముందుకు పోతం. 80 డెసిబెల్స్ శబ్దమైతే వారానికి 40 గంటలు, 90 అయితే వారానికి 4 గంటలే చెవికి భద్రం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుతున్నది. మగ్గం మోతే చెవికి ఎక్కువ. దాని మీద పాట కూడా ఎక్కిస్తే నలభై ఏండ్లకే "ఆఁ? ఏమన్నవ్?" అనాల్సి వస్తది. పని చేసేటప్పుడు చెవుల్ల ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి, ఇంటికొచ్చి పాట వినండి.

టీవీ వచ్చిన నాడు మొదటిసారి మగ్గం ఆగింది. 1987 జనవరి 25న దూరదర్శన్‌ల రామాయణం మొదలైంది, ఆదివారం పొద్దున. పండుగకు, చావుకు తప్ప ఆగని మగ్గాలు ఆ గంటకు ఆగినయి. వీధికి ఒకటో రెండో టీవీలు, కరెంటు పోతే ట్రాక్టర్ బ్యాటరీ. భాష హిందీ. పెద్దోళ్ళకు సగం అర్థం కాకపోయినా కథ తెలిసిందే కాబట్టి నడిచింది. తెలుగు టీవీ మన దాకా రావాలంటే ఇంకా కొన్నేండ్లు పట్టింది. 1995ల జెమిని, ఈటీవీ వచ్చినంక, గొడుగంత డిష్షులు ఇంటి మీదికెక్కినంక, సాయంత్రం సీరియళ్ళు మొదలైనయి. ఆ సంగతి మీ అందరికీ తెలిసిందే, దాని మీద ఎక్కువ చెప్పం. ఒక్కటే గమనించండి. చెవితోని వినేది పోయి కంటితోని చూసేది వచ్చింది. కన్ను అటు పోతే చెయ్యి కూడా ఆగుతది. అయినా టీవీ ముందు ఇల్లంతా ఒక్కచోటనే కూసున్నది. రిమోట్ కోసం కొట్లాడినా, కథ మాత్రం అందరికీ ఒక్కటే.

2016 సెప్టెంబర్‌ల జియో వచ్చింది. మన దిక్కు టవర్లు ఆలస్యంగానే వచ్చినయి, ఇంకా సిగ్నల్ కోసం మిద్దె ఎక్కే ఊర్లు ఉన్నయి. గని వచ్చినంక మాత్రం ఇల్లు నాలుగు ముక్కలైంది. బాపు వార్తలు, అవ్వ సీరియలు, కొడుకు ఆట, బిడ్డ రీల్స్. ఒక్క కప్పు కింద నలుగురు నాలుగు ఊర్లల్ల ఉన్నరు.

ఫోను చెడ్డదని అంటే అబద్ధమాడినట్టే. మన పిల్లలు మరాఠీ బడికి పోతున్నరు. బాలభారతి పుస్తకాలు చదువుతున్నరు, మరాఠీ మంచిగ రాస్తున్నరు, దానికి సంతోషమే. తెలుగు మాట్లాడుతరు గని చదవరాదు. మాలో ఒకరి మనుమరాలు "అ ఆ" రాయలేదు. ఆ పిల్ల యూట్యూబుల మై విలేజ్ షో చూసి పగలబడి నవ్వుతది. 2012ల జగిత్యాల జిల్లా లంబాడిపల్లిల మొదలైన ఛానల్ అది. బడి ముఖం చూడని గంగవ్వ దాంట్ల మాట్లాడే మాట అచ్చం మన ఇండ్లల్ల మాటే. రేడియోల గని, టీవీల గని మన తీరు మాట ఇంతగ ఎన్నడన్న విన్నమా? హీరో పక్కన నవ్వించేటోని నోట పెట్టేది తప్ప. ఆ గౌరవం ఫోను తెచ్చింది, ఒప్పుకోవాలె.

అయితే అదే పిల్ల మొన్న అటక మీదున్న నాడెను పట్టుకొచ్చి "ఇదేంది, పడవ బొమ్మనా?" అని అడిగింది. మా ఇంటి గుంట పూడ్చి, మీద గచ్చు చేసి పదిహేనేండ్లయింది. ఆ పిల్ల తప్పేమున్నది? నాడె, పన్నె, ఆసు, కండె, ఈ మాటలు ఆ పిల్ల చెవిల పడే దారి ఒక్కటి కూడా మేము ఉంచలేదు. మగ్గం పోయింది, అది మన చేతుల లేకుండె. నూలు ధర, మిల్లు బట్ట, అప్పు, వాటి ముచ్చట ఇంకో ప్రసంగం. కథ మాత్రం మన చేతులనే ఉండె. కూనపులోళ్ళు మన వీధిల చివరిసారి పటం ఎత్తి ఎన్నేండ్లయిందని లెక్క తీస్తే, ఇప్పుడు పెండ్లీడుకొచ్చిన పిల్లల్ల ఒక్కరు కూడా అది చూసినోళ్ళు లేరు.

ఎందుకు రావడం మానేసిండ్రని అడిగితే అందరూ ఒకటే జవాబు: "టీవీలు, ఫోన్లు వచ్చినయి, ఎవరు చూస్తరు?" మేము కూడా చానా రోజులు ఇదే అన్నం. గని ఈ జవాబు మన జిల్లాలనే తప్పని తేలింది. ఉత్తరాన వడసా దిక్కు పోయి చూడండి. దేశాయిగంజ్ అంటరే, అదే. దీపావళి దాటినంక నెలల తరబడి ఝాడీపట్టీ నాటకాలు నడుస్తయి. రాత్రి భోజనాలైనంక మొదలైతే తెల్లారే దాకా. గడ్చిరోలి, చంద్రపూర్, గోందియా, భండారా జిల్లాల పల్లెల్లో డేరాలేసి ఆడుతరు, జనం టికెట్ కొనుక్కొని చూస్తరు. వాళ్ళ చేతుల్ల ఫోన్లు లేవా? ఉన్నయి. ఆ నాటకాలకే బతుకు ఇచ్చిన మన గడ్చిరోలి జిల్లా కళాకారుడు పరశురామ్ ఖుణే గారికి 2023ల పద్మశ్రీ వచ్చింది. మరాఠీ అన్నదమ్ములు నాటకాన్ని పిలుస్తున్నరు, డబ్బు పెడుతున్నరు, అందుకని అది నడుస్తున్నది. మనం పటాన్ని పిలవడం మానేసినం. ఫోను రాకముందే మానేసినం, ఆ మాట కూడా చెప్పుకోవాలె. డిష్షు కొన్న ఏడాది కూనపులోళ్ళు వస్తే, "ఈసారి కాలం మంచిగ లేదు, వచ్చేయేడు చూద్దాం" అని పంపిన ఇంట్ల మా ఇల్లు కూడా ఒకటి.

ఖర్చు సంగతి ఎత్తుతరు. ఎత్తాలె కూడా. అందుకని మా కమిటీలోని ఒక ఇంటి లెక్కనే మీ ముందు పెడుతున్నం. నాలుగు ఫోన్లు. నెలకు రీచార్జి మొత్తం వెయ్యి రూపాయలు దాటుతున్నది. టీవీ డబ్బులు వేరే. ఏడాదికి పన్నెండు వేలకు పైన. ఇది పెద్ద సంపాదన ఉన్న ఇల్లు కాదు, బట్టల దుకాణంల జీతానికి ఉండే ఇల్లు. ఒకప్పుడు ఇదే ఇల్లు కూనపులోళ్ళకు ఇచ్చింది ఒక ధోవతి, నాలుగు కుంచాల వడ్లు, కొంత పైకం. కాలక్షేపానికి పైసలు లేవని మనం ఎట్లంటం? పైసలు ఉన్నయి, పోయే దారి మారింది.

ఇంకో దారి కూడా ఉన్నది, అది చెప్పాలంటే మాకు నోరు రావడం లేదు. మనోళ్ళల్ల ఒక ఇంటి పిల్లగాడు ఫోనుల రమ్మీ మొదలుపెట్టిండు. మొదట పది రూపాయలు, తర్వాత వంద. అక్క పెండ్లికని దాచిన సొమ్ము పోయినంక గని ఇంట్ల తెల్వలేదు. పేరు చెప్పం, ఆ కుటుంబం ఈ సభలనే ఉన్నది. గోదావరి ఆ ఒడ్డున, తెలంగాణల, 2017ల చట్టం మార్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించిండ్రు. మన ఒడ్డున ఆ నిషేధం లేకుండె. నది అటు నేరం, ఇటు కాలక్షేపం. 2025 ఆగస్టుల కేంద్రం చట్టం తెచ్చి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా ఆపింది. అయినా దొంగదారి లింకులు వస్తనే ఉన్నయి. తల్లులకు ఒక మాట. పిల్లగాడు ఫోను తీసుకొని చాటుకు పోతుంటే, ఉన్నట్టుండి చిన్న చిన్న అప్పులు చేస్తుంటే, కొట్టకండి, తిట్టకండి, ముందు కూసోబెట్టి లెక్క అడగండి. ఆ ఇంట్ల కూడా పిల్లగాడు భయంతోనే ఆర్నెల్లు దాచిండు. దాచిన ఆ ఆర్నెల్లల్లనే సొమ్ము అంతా పోయింది.

ఇప్పుడు కమిటీ అనుకున్న సంగతి. వచ్చే మార్కండేయ జయంతికి ఒక కూనపులి బృందాన్ని సిరోంచకు పిలవాలని ఉన్నది. మూడు రాత్రులు. గోదావరి ఆ ఒడ్డున ఉన్న మన చుట్టాల ద్వారా ఆరా తీస్తున్నం. ఈ ఊరి మిరాశీ ఎవరిదో వాళ్ళనే ముందు అడగాలె, అది మర్యాద. ధోవతి, వడ్లతో సరిపెట్టే రోజులు కావు. వచ్చిపోయే ఖర్చు, రాత్రికింత అని రొక్కం ముందే మాట్లాడుకోవాలె. ఒక ఇంటికి ఒక్క నెల, ఒక్క ఫోను రీచార్జి అంత ఇస్తే సరిపోతదని మా అంచనా. ఇయ్యలేని ఇంటోళ్ళు ఒక పూట భోజనం పెడితే చాలు. అది కూడా కుదరకపోతే వచ్చి ముందు వరుసల కూసోండి. వినేటోడు లేని కథకు ఎంత సొమ్ము ఇచ్చినా ఉత్తదే.

కథ జరిగేటప్పుడు ఫోన్లు ఇంట్ల పెట్టి రమ్మని అనం. అంటే మీరు వినరు, మేము కూడా వినం. ఒక్కటే అడుగుతున్నం. వాళ్ళను అడగకుండ మొత్తం కథను రికార్డు చేసి యూట్యూబుల పెట్టకండి. అది వాళ్ళ బతుకుదెరువు. ఎంత వరకు పెట్టొచ్చో వాళ్ళే చెప్పుతరు. కథ మధ్యల తెల్వని మాట వస్తే పిల్లలు అడగనీయండి. బొమ్మను చూపించి చెప్పే కథ కాబట్టి మరాఠీ బడి పిల్లలకు కూడా అందుతది. అక్షరం రాకపోయినా బొమ్మకు దాంతోని పనిలేదు.

దానికంటే ముందు, ఇయ్యాలటి నుంచే చేసుకోగలిగింది ఒకటి ఉన్నది. మన ఇండ్లల్ల ఎనభై దాటిన అవ్వలు, తాతలు ఇంకా ఉన్నరు. కండెలు చుట్టుకుంట పాడిన పాటలు, రాట్నం కథలు వాళ్ళ దగ్గర ఉన్నయి. పోయిన నెల మాలో ఇద్దరు కలిసి అట్ల ఒక అవ్వ దగ్గరికి పోయినం. మొదట "నాకేం రాదు బిడ్డా, అన్నీ మర్చిపోయిన" అన్నది. ఉత్తగ కూసొని పాడమంటే రాలేదు. మాలో ఒకరు ఎక్కడి నుంచో పాత రాట్నం తెచ్చి ముందట పెట్టినం. చెయ్యి తిప్పుడు మొదలుపెట్టినంక పాట దానంతట అదే వచ్చింది. ఇరవై నిమిషాలు ఆగకుండ పాడింది. మా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. సరిగ్గ ఆఖరు చరణానికి వచ్చేసరికి రికార్డు చేస్తున్న ఫోనుకు ఎవరో రీచార్జి గుర్తుచేసే కాల్ చేసిండ్రు, రికార్డింగు అక్కడ ఆగిపోయింది. అవ్వ కూడా ఆగింది. మళ్ళీ పాడమంటే "రేపు రా" అన్నది. మేము రేపు పొద్దున పోతున్నం, ఈసారి ఫోను ఏరోప్లేన్ మోడ్‌ల పెట్టుకొని. రావాలనుకున్నోళ్ళు ఎనిమిది గంటలకు బస్టాండు దగ్గర కలవండి.